గగన విన్యాసమునకు ప్రాణమొడ్డిన మజుందార్

పటాన్‌చెరువు పారిశ్రామిక ప్రాంతమునకు చేరువనున్న భానూరులో, భారత్ డైనమిక్స్ వారి క్షిపణుల కర్మాగారము కలదు. అచటికి అంత దూరము కాని దుండిగల్లులో వైమానిక దళ అకాడమీ ఉన్నది. పొరుగు రాష్ట్రపు బీదరు, సూర్యకిరణ్ విన్యాస బృందమునకు స్థావరము. ఇట్టి సీమలో పెరుగు బాలబాలికలు మింట బారులు తీరిన విమానములను గాంచి, తామును విమాన చోదకులము కావలెనని తలచుట సహజము. కాని ఆ ముచ్చట నిజముగా యువజనులను సైన్యమునకు చేర్చునా? ఈ ప్రశ్నకు కరుణ్ కృష్ణ మజుందార్ జీవితముకంటె మంచి పాఠము లేదు.

ఆయన 1913 సెప్టెంబరు 6వ తేదీన జన్మించెను. 1885లో కాంగ్రెసు మహాసభకు తొలి అధ్యక్షుడైన ఉమేశ్‌చంద్ర బెనర్జీ ఆయనకు మాతామహుడు. ఇంగ్లండునందలి క్రాన్‌వెల్ కళాశాలలో శిక్షణ ముగించి, 1932లో పుట్టిన భారతీయ వైమానిక దళమున చేరెను. మిత్రులు ఆయనను జంబో అని పిలిచెడివారు. వింగ్ కమాండర్ పదవి నందుకొనిన మొదటి భారతీయుడాయనయే.

1942 ఫిబ్రవరిలో మొదటి స్క్వాడ్రన్ నాయకుడుగా ఆయన బర్మా చేరెను. వారి లైసాండరు విమానములు పదాతి సైన్యమునకు తోడ్పడుటకు ఉద్దేశింపబడినవి, నెమ్మదిగా నడచునవి, బాంబులు వేయుటకు పుట్టినవి కావు. అయినను జపానువారు తమ స్థావరముపై దాడి చేయగా, ఆయన వానికే బాంబులు కట్టించి సయాములోని శత్రు విమానాశ్రయముపై తిరుగుదెబ్బ తీసెను. ఆ సాహసమునకు డి.ఎఫ్.సి. పతకము లభించెను. 1944లో ఐరోపా రణరంగమున శత్రువుల కదలికలను ఆకాశమునుండి పరిశీలించి, ఆ పతకమునే రెండవమారు పొందెను.

పిమ్మట విశ్రాంతి కోరియుండిన, కాదనువారెవరు? కాని ఆయన స్వదేశమునకు మరలివచ్చి వైమానిక దళ ప్రదర్శన విభాగమున చేరెను. ఊరూర విన్యాసములు చూపి యువకులను దళమునకు ఆకర్షించుటయే దాని పని. 1945 ఫిబ్రవరి 17వ తేదీన లాహోరు చెంత వాల్టన్‌లో విన్యాసములు చేయుచుండగా ఆయన హరికేన్ విమానము కూలిపోయెను. యుద్ధములో చావని వీరుడు ముప్పదియొకటవ యేట వేడుకలో మరణించెను.

అప్పటికి మన దేశము పరాధీనము. పరుల యుద్ధమునకు మన బిడ్డలను పిలుచుట న్యాయమా అని అడుగవచ్చును. ఆ సందేహము కొట్టివేయదగినది కాదు. అయితే అట్లు శిక్షణ పొందినవారే స్వతంత్ర భారత వైమానిక దళమునకు పునాదులైరనుటయు మరువరాదు.

విన్యాసము కన్నులను పైకెత్తును. అంతవరకే దాని శక్తి. ఆ పైన కావలసినవి గణితము, దేహ దార్ఢ్యము, క్రమశిక్షణ, మరణభయమును జయించు నిబ్బరము. 2016 జూన్‌లో దుండిగల్లున యుద్ధ విమాన శాఖకు ఎంపికైన మొదటి మువ్వురు యువతులు ఈ మార్గముననే నడచిరి. 2019లో బెంగుళూరు చెంత యెలహంకలో సూర్యకిరణ్ విమానములు రెండు ఢీకొని ఒక చోదకుడు అసువులు బాసెను. కావున ఉపాధ్యాయులు పిల్లలకు ఆకాశపు అందమును చూపునపుడు వాల్టన్ కథను కూడ చెప్పవలెను. దానిని విన్న పిమ్మటయు ఎవని కోరిక చెదరదో, వాడే దళమునకు తగినవాడు.