కత్తి ఆమె చేతికిచ్చిన దర్శకుడు కింగ్ హు

పాత కత్తియుద్ధం సినిమాల్లో కథానాయిక పని ఏమిటో మనకి తెలిసిందే. దుర్మార్గుడు ఎత్తుకుపోతాడు, ఆమె ఏడుస్తూ కూర్చుంటుంది, నాయకుడు గుర్రమెక్కి వచ్చి విడిపిస్తాడు. 1966లో హాంకాంగ్‌లో వచ్చిన ‘కమ్ డ్రింక్ విత్ మి’ సినిమాలో ఇది తిరగబడింది. బందిపోట్లు ఎత్తుకుపోయింది అధికారి కొడుకుని. విడిపించడానికి ఒంటరిగా బయల్దేరింది అతని తోబుట్టువు. ఆ సినిమా తీసిన కింగ్ హు జీవితం గురించే ఈ నాలుగు మాటలు.

ఆయన అసలు పేరు హు జిన్‌చువాన్. 1932లో బీజింగ్‌లో పుట్టారు. చిన్నప్పటి నుంచి పెకింగ్ ఆపెరా అంటే ప్రాణం. మన వీధినాటకంలో మద్దెల దెబ్బకి అడుగు పడ్డట్టే అందులోనూ ప్రతి కదలికకీ ఒక తాళం ఉంటుంది. ఆ తాళం ఆయన మనసులో జీవితాంతం ఉండిపోయింది. 1949లో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకుండానే హాంకాంగ్ చేరారు. అదే ఏడాది చైనాలో ప్రభుత్వం మారింది. పుట్టిన ఊరు దూరమైపోయింది. పొట్టకూటికి ప్రకటనలకి బొమ్మలు వేశారు, ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పారు. 1958లో షా బ్రదర్స్ స్టూడియోలో చేరి సెట్లు అలంకరించడం, చిన్న వేషాలు వెయ్యడం, కథలు రాయడం, అన్నీ చేశారు.

1963లో లీ హాన్‌షియాంగ్ తీసిన ‘ద లవ్ ఎటర్న్’ చిత్రానికి ఆయన సాయపడ్డారు. చదువుకోవాలన్న కోరికతో మగవేషం వేసుకుని బడికి వెళ్ళిన అమ్మాయి కథ అది. మూడేళ్ళ తర్వాత ఆయన సొంత సినిమాలోనూ అమ్మాయి మగవేషంలోనే సత్రంలో అడుగుపెడుతుంది. ఈసారి ఆమె చేతుల్లో రెండు పొట్టి కత్తులు ఉంటాయి.

ఆ పాత్ర వేసిన చెంగ్ పెయ్ పెయ్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు. ఆమె నేర్చుకున్నది బాలే నాట్యం, కత్తిసాము కాదు. పోరాటాన్ని కూడా నాట్యంలాగే చూసే కింగ్ హుకి కావలసింది అదే. చుట్టూ బందిపోట్లు మూగినా ఆమె తొణక్కుండా బల్ల దగ్గర కూర్చుని ఉంటుంది. దెబ్బ కంటే దెబ్బకి ముందుండే నిశ్శబ్దమే ఎక్కువ భయపెడుతుంది. ఒక లోటు మాత్రం చెప్పుకోవాలి. సినిమా రెండో సగంలో విషం తగిలి ఆమె పడిపోతే ఒక తాగుబోతు వీరుడు కాపాడతాడు, చివరి పోరాటం కూడా అతనిదే అవుతుంది. కత్తి ఆమెకిచ్చి, ముగింపు మాత్రం మగవాడికి ఇచ్చారన్నమాట.

సినిమా బాగా ఆడింది. కొరియాలో కూడా జనం విరగబడి చూశారు. అక్కడ కత్తియుద్ధం సినిమాల ఊపు రావడానికి ఇదీ ఒక కారణం. కత్తి పట్టిన అమ్మాయిల సినిమాలు కొరియా వాళ్ళూ తీశారు. కానీ కింగ్ హు పని చాలా నిదానం, ఖర్చూ ఎక్కువే. త్వరత్వరగా సినిమాలు తీసే స్టూడియోకి ఆ పద్ధతి నచ్చలేదు. ఆయన తైవాన్‌కి వెళ్ళిపోయి 1967లో ‘డ్రాగన్ ఇన్’ తీశారు. అది ఇంకా పెద్ద విజయం.

ఆ ధైర్యంతో మొదలుపెట్టిన సినిమా ‘ఎ టచ్ ఆఫ్ జెన్’. కథ కోసం ఆయన పుస్తకం దగ్గరికి వెళ్ళారు. పూ సోంగ్‌లింగ్ అనే పాత రచయిత వింతకథల సంపుటిలో ఒక చిన్న కథ అది. పెళ్ళి చేసుకోరా అని తల్లి రోజూ పోరుపెట్టే ఒక పేద పండితుడు. పక్కనే పాడుబడ్డ కోటలో దిగిన ఒక అమ్మాయి. నిజాయితీపరుడైన ఆమె తండ్రిని రాజసభలోని అధికారులు చంపించారు, ఇప్పుడు ఆమెని వెతుకుతున్నారు. దాదాపు గంటసేపు సినిమాలో కత్తి బయటికి రాదు. వచ్చాక ఆమె ఎవరి సాయం కోసమూ ఎదురుచూడదు. పండితుడు ఎత్తులు వేస్తే ఆమె యుద్ధం చేస్తుంది. బిడ్డని కని, ఆ బిడ్డని తండ్రికి అప్పగించి, తన దారి తాను ఎంచుకుని మఠానికి వెళ్ళిపోతుంది. ‘కమ్ డ్రింక్ విత్ మి’లో కనిపించిన లోటు ఇక్కడ తీరింది.

ఈ పాత్ర చేసిన షూ ఫెంగ్ అంతకు ముందు ‘డ్రాగన్ ఇన్’లో చిన్న వేషం వేసిన అమ్మాయి. వెదురుతోపులో జరిగే పోరాటం తెర మీద కొద్ది నిమిషాలే. తియ్యడానికి ఇరవై అయిదు రోజులు పట్టిందంటారు. నిర్మాతలకి ఓపిక నశించింది. మూడు గంటల సినిమాని రెండు ముక్కలు చేసి విడుదల చేస్తే జనం చూడలేదు. 1975లో పూర్తి నిడివితో కాన్ చిత్రోత్సవానికి వెళ్తే సాంకేతిక ప్రతిభకి బహుమతి వచ్చింది.

తర్వాత కూడా ఆయన దారి మార్చుకోలేదు. 1973 నాటి ‘ద ఫేట్ ఆఫ్ లీ ఖాన్’లో సత్రం నడిపేది ఒక ఆవిడ, వడ్డించేవాళ్ళు అమ్మాయిలు, అందరూ రహస్య తిరుగుబాటుదార్లే. 1979లో వచ్చిన రెండు సినిమాలు దక్షిణ కొరియాలో తీశారు. తన చిన్ననాటి చైనాకి వెళ్ళలేని ఆయనకి కొరియా కొండల్లోని పాత బౌద్ధాలయాలే ఆ చైనా అయ్యాయి. వాటిలో ‘లెజెండ్ ఆఫ్ ద మౌంటెన్’ రచన ఆయన భార్య చుంగ్ లింగ్‌ది. ఆవిడ సాహిత్యం చెప్పే ప్రొఫెసర్. రెండోది ‘రెయినింగ్ ఇన్ ద మౌంటెన్’. అందులో షూ ఫెంగ్ ఒక గజదొంగ!

ఆ తర్వాత అవకాశాలు తగ్గాయి. అమెరికా వెళ్ళి ఉన్నారు. అక్కడ రైలు మార్గాలు వేసిన చైనా కూలీల గురించి సినిమా తియ్యాలని ఏళ్ళ తరబడి తిరిగారు. చివరికి అది మొదలయ్యే సమయానికి, 1997 జనవరి 14న తైపేలో గుండెకి చికిత్స జరుగుతుండగా కన్నుమూశారు. ఆ సినిమా రానేలేదు.

ఆయన నాయికలు మాత్రం ఆగిపోలేదు. షూ ఫెంగ్ నిర్మాత అయ్యారు. ఆవిడ నిర్మించిన ‘ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్’కి 1993లో కాన్‌లో అత్యున్నత బహుమతి వచ్చింది. 2000లో వచ్చిన ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’లో ఆడవాళ్ళే కత్తులు దూస్తారు, వెదురు చిటారున పోరాటం జరుగుతుంది. అందులో చెంగ్ పెయ్ పెయ్ కూడా ఉన్నారు.

తొందరపడి ఉంటే కింగ్ హు ఇంకో ఇరవై సినిమాలు తీసేవారేమో. కానీ అప్పుడు పండితుడి పక్కింటి అమ్మాయి కూడా ఎవరో వచ్చి కాపాడతారని కూర్చునేదేమో. మనమూ పాత కథలు చదివేవాళ్ళమే కదా. మన సిలబస్‌లో ఏ మూల కథలో ఏ అమ్మాయి అలా ఎదురుచూస్తూ ఉందో, ఈసారి చదివేటప్పుడు కాస్త ఆగి చూద్దాం.