వికెట్ల వెనుక కృష్ణమూర్తి

ఆటస్థలంలో అందరి దృష్టి బంతిని బలంగా కొట్టేవాని మీద, నేర్పుగా విసిరేవాని మీద నిలుస్తుంది. ప్రతి బంతికీ వంగి, లేచి, దానిని చేతులలోనికి తీసుకొనేవానిని ఎవరూ అంతగా గమనించరు. ఒక్క బంతి చేజారినప్పుడు మాత్రం అతడు అందరికీ కనిపిస్తాడు. అమెరికా, జపాను దేశాలలో ప్రసిద్ధమైన బేస్‌బాల్ క్రీడలో ఈ బాధ్యత క్యాచర్‌ది. క్రికెట్‌లో వికెట్ కీపర్‌ది. అట్టి బాధ్యతను భారత జట్టులో నిర్వహించిన హైదరాబాదు క్రీడాకారుడు పోచయ్య కృష్ణమూర్తి.

ఆయన 1947 జూలై 12న హైదరాబాదులో జన్మించారు. రంజీ ట్రోఫీ పోటీలలో హైదరాబాదు జట్టుకు ఆడి పేరు పొందారు. ఎం.ఎల్. జయసింహ నాయకుడుగా, పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ వంటి ప్రముఖులతో ఆ జట్టు నాడు కళకళలాడుతుండేది.

1971లో అజిత్ వాడేకర్ నాయకత్వాన భారత జట్టు వెస్టిండీస్‌కు వెళ్ళింది. ఇంగ్లండులో లాంకషైర్ జట్టుకు ఆడుతున్న ఫరూఖ్ ఇంజనీర్ ఆ పర్యటనకు ఎంపిక కాలేదు. కీపింగ్ బాధ్యత ఇరవై మూడేళ్ళ కృష్ణమూర్తికి దక్కింది. అంతవరకు వెస్టిండీస్‌పై భారత్ ఒక్క టెస్టు కూడా గెలవలేదు. 1962లో ఆ గడ్డపై ఆడిన అయిదు టెస్టులలోనూ ఓడిపోయింది.

భారత జట్టు బలం బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్‌ల స్పిన్ బౌలింగ్. స్పిన్నరు బంతి వేసేటప్పుడు కీపర్ వికెట్లకు ఆనుకొని నిలబడాలి. బౌలరు చేతి కదలికను బట్టి బంతి ఎటు తిరుగుతుందో గ్రహించాలి. బంతి నేలను తాకక ముందే లేచిన కీపర్‌కు అది అందదు. బ్యాటు అడ్డురావడం వలన చివరి క్షణంలో బంతి కనుమరుగవుతుంది. శిరస్త్రాణాలు వాడుకలో లేని ఆ రోజులలో ఇది ప్రమాదకరం కూడా. ఇట్టి కష్టమైన పనిని కృష్ణమూర్తి అయిదు టెస్టులలోనూ నిర్వహించారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో జరిగిన రెండవ టెస్టును భారత్ ఏడు వికెట్లతో గెలిచింది. మిగిలిన నాలుగూ డ్రా అయ్యాయి. వెస్టిండీస్‌పై భారతదేశానికి అదే తొలి సిరీస్ విజయం.

ఆ విజయకీర్తి సహజంగానే గవాస్కర్, సర్దేశాయిల బ్యాటింగ్‌కు దక్కింది. కృష్ణమూర్తి ఏడు క్యాచ్‌లు, ఒక స్టంపింగ్ చేశారు; బ్యాటుతో మాత్రం 33 పరుగులే చేయగలిగారు. అదే సంవత్సరం ఇంగ్లండు పర్యటనకు ఆయన వెళ్ళినా, బ్యాటింగ్‌లోనూ దిట్ట అయిన ఇంజనీర్ తిరిగి రావడంతో టెస్టులలో అవకాశం లభించలేదు. తరువాత సయ్యద్ కిర్మానీ ఆ స్థానాన్ని సుస్థిరం చేసుకున్నారు. 1976లో న్యూజీలాండ్‌లో ఆడిన ఒకే ఒక వన్డే మ్యాచ్‌తో కృష్ణమూర్తి అంతర్జాతీయ క్రీడాజీవితం ముగిసింది.

అయినా ఆయన ఆటను విడువలేదు. టెస్టులలో చోటు పోయిన తరువాత కూడా ఏళ్ళ తరబడి హైదరాబాదు వికెట్ల వెనుక నిలిచారు. నూరుకు పైగా ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆడారు. 1999 జనవరి 28న, యాభై ఒక్క సంవత్సరాల వయస్సులో కన్నుమూశారు.

ఆయన ఆడినవి అయిదు టెస్టులే. కాని చరిత్రలో నిలిచిన ఆ సిరీస్‌లో, అయిదు మ్యాచ్‌లలోనూ వికెట్ల వెనుక నిలిచినది ఆయనే. పరుగుల పట్టికలో కనిపించని శ్రమకు కూడా గెలుపులో భాగముంటుందని కృష్ణమూర్తి జీవితం తెలియజేస్తున్నది.