శిశూద్యాన స్థాపకుడు ఫ్రోబెల్

ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1782వ సంవత్సరమున జర్మనీలోని తురింగియా సీమయందు ఒక మతగురువు నింట జన్మించెను. తొమ్మిది మాసములకే తల్లి గతించెను. సవతితల్లి యాదరణము కొఱవడిన యా బాలునకు చెట్టుచేమలే తోడయ్యెను. యౌవనమున అడవిపని నేర్చి, పిదప ఉపాధ్యాయుడయ్యెను.

1837లో బ్లాంకెన్‌బర్గు పట్టణమున పసిబిడ్డల కొక శాల నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా శిశూద్యానమని పేరిడెను. అచట ఆటయే చదువు. మొదట రంగురంగుల యున్నిబంతులు ఆఱు. పిమ్మట కొయ్యగోళము, వర్తులస్తూపము, ఘనము. ఆ మీదట ఎనిమిది చిన్న ఘనములుగా విడివడు నొక పెద్ద ఘనము. దానిని విడదీసి మరల కూర్చుచు బిడ్డ సగమన నేమో, పాతిక యన నేమో తన చేతులతోడనే తెలిసికొనును. భిన్నములు చెప్పుటకు బెత్తము నాశ్రయించు పంతుళ్లు దీనిని గమనింతురుగాక! పాటలును, పిల్లలు స్వయముగా సాగుచేయు చిన్న మళ్లును ఆ చదువులోనివే.

1851లో ప్రష్యా ప్రభుత్వము నాస్తికతను బోధించుచున్నవని యీ శాలలను నిషేధించెను. సోదరుని కుమారుడైన కార్ల్ ఫ్రోబెల్ వ్రాతలు ఈయనవని పొరబడుటయే దీనికి కారణమందురు. దైవభక్తుడైన యా వృద్ధుడు ఎంత విన్నవించుకొన్నను ఫలము లేకపోయెను. ఆ దుఃఖముతోడనే 1852 జూన్ 21న కన్నుమూసెను. నిషేధము 1860లో తొలగెను. ఆయన సమాధిపై ఘనము, స్తూపము, గోళము ఒకదానిపై నొకటి నిలిపియున్నవి.