డిచ్‌పల్లి కెర్ దొరసానిగారు

పఠనభాగము: యోహాను సువార్త 5వ అధ్యాయము, 1 నుండి 9 వచనములు



బేతెస్ద కోనేటి యొద్ద 38 ఏండ్లు రోగియై పడియున్న మనుష్యుని సంగతి మనకందరికి తెలిసినదే. ప్రభువు వచ్చి పలుకరించినప్పుడు అతడు తన నొప్పినిగూర్చి చెప్పుకొనలేదు. నీళ్లు కదలినప్పుడు తన్ను దింపుటకు ఒక్క మనిషియు లేడని చెప్పుకొనెను. అతని బంధువులు ఏమైరి? మొదటి నెల అందరును వచ్చి చూచియుందురు. మొదటి సంవత్సరము కొందరు వచ్చియుందురు. తరువాత ఎవరి పొలము వారిది, ఎవరి పశువులు వారివి. మంచమెక్కి చాల కాలమైన వారి ఇంట నేడును జరుగునది ఇదే గదా!

జ్వరము వచ్చినవానిని వారము దినములు చూచుట సుళువు. ఏండ్ల తరబడి తీరని రోగముగల వానిని చూచుట కష్టము. అట్టివారికొరకు మన తెలంగాణ నేలమీద 25 ఏండ్లు బ్రదికి, ఇక్కడనే కన్నుమూసిన ఒక స్త్రీ జీవితమును ఈ నెల జ్ఞాపకము చేసికొందము. ఆమె పేరు ఇసబెల్ కెర్. ఆమె పనిచేసిన డిచ్‌పల్లి మన వరంగల్లు నుండి కరీంనగరు మీదుగా పోయిన యెడల రెండు వందల కిలోమీటర్లకు పైగా నుండును.

ఇసబెల్ గారు 1875లో స్కాట్లాండు దేశమున ఒక రైతు ఇంట పుట్టిరి. ఆ దినములలో ఆడపిల్ల వైద్యము చదువుట ఆ దేశములోను అరుదు. ఆమె అబర్డీన్ విశ్వవిద్యాలయములో చదివి 1903లో వైద్యపట్టా పొందిరి. జార్జి కెర్ అను బోధకుని వివాహమాడిరి. 1907లో దంపతులిద్దరును వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. పూర్వము ఇందూరు అనబడిన నిజామాబాదు వారి సేవాస్థలమాయెను.

అక్కడ ఆమె మనస్సును కలచినది కుష్ఠురోగుల స్థితి. మన పల్లెలలో ఆ రోగముపేరు పలుకుటకైన భయపడి పెద్దరోగమని చెప్పుకొనెడివారు. రోగము బయటపడిన దినముననే మనిషి చచ్చినవానితో సమానము. ఊరివెలుపల గుడిసె, దూరమునుండి పెట్టెడు గంజి, చివరకు సత్రపు అరుగో దారిప్రక్క చెట్టో గతి. ఆ రోగమునకు కారణమైన సూక్ష్మక్రిమిని నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనిపెట్టియుండెను. అది శాపము కాదు, అంటురోగములలో ఒకటి అని వైద్యులకు తెలిసెను గాని, ఊళ్లకు తెలియలేదు.

1911లో కెర్ దంపతులు నిజామాబాదులో రోగులకొరకు చిన్న శరణాలయము తెరచిరి. కొద్ది కాలములోనే చోటు చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడు అను హిందూ ధర్మాత్ముడు ధనమిచ్చెను. ఆ సహాయముతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలసెను. ఇక్కడ ఒక మాట గమనింపుడి. పొరుగువాడు ఎవడని ప్రభువు నడిగిన శాస్త్రికి దొరికిన జవాబు సమరయుని కథ. మంచిపని మన మందిరములోనే పుట్టవలెనను నియమము లేదని ఆ కథ నాడే చెప్పెను. డిచ్‌పల్లి దానినే మరల చెప్పుచున్నది.

ఆ కాలమున ఈ రోగమునకు నిజమైన మందు లేదు. హిడ్నోకార్పస్ జాతి చెట్ల గింజలనుండి తీసిన నూనె ఒక్కటే ఆధారము. త్రాగిన యెడల అది కడుపులో త్రిప్పును. కలకత్తాలో డాక్టరు మ్యూర్ మొదలగువారు దానిని సూదిమందుగా ఇచ్చు పద్ధతిని వృద్ధిచేసిరి. కెర్ దొరసానిగారు ఆ పద్ధతిని డిచ్‌పల్లిలో చేపట్టిరి. సూది ఒకసారి వేసి పంపివేయుటకు వీలులేదు. వారము వారము, నెలలు, ఒక్కొక్కరికి ఏండ్లు వేయవలెను. అది నొప్పిగల సూది. దానికి మందుకంటె ఎక్కువగా కావలసినది ఓర్పు. రోగికి ఓర్పు, వేయువారికి రెండింతల ఓర్పు. 1923లో దంపతులిద్దరికి కైసరెహింద్ పతకము లభించెను. 1932లో ఆమె డిచ్‌పల్లిలోనే హఠాత్తుగా ప్రభువునందు నిద్రించిరి. ఆమె పోయిన తరువాతను పని ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? దీనిని మనము విచారింపవలెను. ఒక్క వైద్యురాలు ఎంత గొప్పదైనను వందలమంది పుండ్లు కడుగజాలదు. కట్టు కట్టువారు, కాళ్లు చూచువారు, కండ్లు చూచువారు పలువురు కావలెను. వారికి ప్రేమయుండిన చాలదు, నేర్పు కావలెను. రోగిసేవ నేర్చుకొనవలసిన విద్య యని లోకమునకు చూపినది ఫ్లారెన్సు నైటింగేలు. ఆమె 1860లో లండనులో నర్సుల పాఠశాల స్థాపించిరి. క్రిమియా యుద్ధములో గాయములచేత చచ్చినవారికంటె ఆసుపత్రి మురికిలో రోగములు తగిలి చచ్చినవారే ఎక్కువయని లెక్కలు వేసి చూపిరి. తరువాత ఆమెయే చాల ఏండ్లు రోగియై మంచముమీదనుండి ఆ పని సాగించిరి. కుష్ఠు ఆసుపత్రులలోనైతే రోగులే కట్టుకట్టుట నేర్చుకొని తోటి రోగులకు చేసిన సేవ ఎంతయో కలదు. నిన్న ఊరు వెలివేసిన చేయి నేడు మరియొకని పుండు కడిగెను.

నేర్పు లేని ప్రేమ ఎక్కడ తప్పిపోవునో ఒక ఉదాహరణ చెప్పెదము. ఈ రోగములో వ్రేళ్లు తమంతట కుళ్లి రాలిపోవునని తరతరములు నమ్మిరి. 1940వ దశకము చివరనుండి వేలూరులో డాక్టరు పాల్ బ్రాండు, ఆయన సహకారులు ఓపికతో పరిశీలించి మరియొకటి కనుగొనిరి. రోగము నరములను చెరపగా స్పర్శ పోవును. స్పర్శ పోయినవానికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు, వేడి గిన్నె కాల్చినను తెలియదు, చెప్పు ఒరసినను తెలియదు. నొప్పి లేదు గనుక దానిమీదనే నడచును, దానితోనే పనిచేయును. పుండు ముదిరి ఎముకకు పోవును. అనగా ఆ వ్రేళ్లలో అనేకము నిలుపుకొనదగినవే! ప్రతిదినము కాళ్లు చేతులు చూచి, నీళ్లలో నానబెట్టి, నూనె రాచి, మెత్తని చెప్పులు తొడిగించు మనిషి ఒకడున్న చాలును.

మందుల విషయములో దేవుడు తరువాతి తరమునకు మేలుచేసెను. 1940వ దశకమున డాప్సోను మాత్ర వచ్చెను. 1980వ దశకమునుండి రెండు మూడు మందులు కలిపి ఇచ్చుచున్నారు. 6 నెలలనుండి 12 నెలలలో రోగము నయమగును. ప్రభుత్వ ఆసుపత్రులలో అది ఉచితము. 2005 చివరకు మన దేశములో ఈ రోగము 10,000 మందిలో ఒకరికంటె తక్కువకు దిగెను. అయినను కొత్త రోగులు ప్రతి సంవత్సరము కనబడుచునే యున్నారు. మన క్రైస్తవ వివాహములకు చెందిన 1869 విడాకుల చట్టములో భార్యకో భర్తకో ఈ రోగముండుట విడాకులకు ఒక కారణముగా వ్రాయబడియుండెను. ఆ మాటను 2019లోనే తీసివేసిరి. చట్టము మారుటకే ఇంత ఆలస్యమైనప్పుడు మన మనస్సులు మారుటకు ఎంత కాలము పట్టునో!

ఈ మాట ఇతరులనుగూర్చి వ్రాయుటకు మాకు ధైర్యము చాలదు. మేమే ఒకటి ఒప్పుకొనవలెను. కొన్ని ఏండ్ల క్రిందట మా సంఘములో ఒక పెద్దాయనకు ఈ రోగము బయటపడెను. మందు మొదలుపెట్టిరి. ఆయన ఆరాధన మానలేదు గాని, తలుపు దగ్గర చాప చివర కూర్చుండుచుండెను. ప్రభురాత్రి భోజనపు ఆదివారమున కొందరు మాయొద్దకు వచ్చి గిన్నె విషయము చెవిలో చెప్పిరి. మేము వారితో వాదింపలేదు. గిన్నెను ఆయనకు అందరికంటె చివర ఇచ్చితిమి. ఆయన త్రాగి, తన తువ్వాలుతో గిన్నె అంచు తుడిచి మా చేతికి ఇచ్చెను. ఏమియు అనలేదు. ఆ తువ్వాలును మేము నేటికిని మరువలేకున్నాము.

తరువాతి వారములో ఊరికి వచ్చిన నర్సమ్మను అడిగితిమి. మందు మొదలుపెట్టిన కొద్ది దినములకే రోగము ఇతరులకు అంటదని ఆమె చెప్పెను. ముందే అడిగియుండిన యెడల ఎంత బాగుండెడిది! మరుసటి నెల మేమే ఆయన చేయి పట్టుకొని ముందు వరుసకు తెచ్చితిమి. ఆయన త్రాగిన తరువాత ఆ గిన్నెను మేము తీసికొంటిమి. రెండు కుటుంబములవారు లేచి వెళ్లిపోయిరి. రెండు నెలలకు వారును తిరిగి వచ్చిరి. మార్కు సువార్త మొదటి అధ్యాయములో ప్రభువు కుష్ఠురోగిని బాగుచేయుటకు ముందు చేయి చాపి ముట్టెను. ఆ వరుసను మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి.

కాబట్టి ప్రియులారా, ఈ నెల మన గ్రామములలో ఇట్లు చేయుదము. చాల కాలముగా మంచములోనున్నవారు, పక్షవాతముగలవారు, చక్కెర వ్యాధిగలవారు, పెద్దరోగము సోకి నయమై కాళ్లలో స్పర్శలేనివారు ఎవరెవరో సంఘపెద్దలు పేరు పేరున తెలిసికొనవలెను. చక్కెర వ్యాధివారికిని కాళ్ల స్పర్శ పోవుట కలదు గనుక వారి పాదములనుగూడ దినదినము చూడవలెను. ఒక ఆదివారము ఆరాధన తరువాత నర్సమ్మనో ఆశా కార్యకర్తనో పిలిచి, స్త్రీల సమాజమువారును యౌవనస్థులును పాదము చూచుట, పుండు కడుగుట, మంచముమీద ఒత్తుడు పుండ్లు రాకుండ రోగిని ప్రక్కకు త్రిప్పుట నేర్చుకొనవలెను. తరువాత వంతులు వేసికొని వెళ్లవలెను. మొదటి నెల ఉత్సాహముగా వెళ్లి మానుకొనుట బేతెస్ద బంధువుల మార్గము. రెండవ సంవత్సరము కూడ వెళ్లువాడే ఆ రోగికి మనిషి.

మన ఊరిలో తనకు మనిషి లేడని చెప్పుకొనువాడు ఒక్కడును ఉండకుండునట్లు ప్రభువు మనకు మెత్తని హృదయమును నేర్పుగల చేతులను దయచేయునుగాక. ఆమేన్.