బడి దక్కనివాడు, పుస్తకాలు పంచినవాడు - మక్సీం గోర్కీ



విజయవాడ లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లు మనలో చాలామందికి తెలుసు. పాత గైడ్లు, టెస్టు పేపర్లు తక్కువ ధరకు దొరుకుతాయని వెళ్తాం. ఆ గుట్టల్లో వెతుకుతుంటే ఒక్కోసారి గట్టి అట్ట వేసిన తెలుగు పుస్తకం ఒకటి చేతికి తగులుతుంది. తెరిచి చూస్తే మాస్కోలో అచ్చయిందని ఉంటుంది. మన తెలుగు పుస్తకం అంత దూరంలో అచ్చు కావడమేమిటని ఆశ్చర్యం వేస్తుంది.

సోవియట్ యూనియన్ ఉన్న రోజుల్లో అక్కడి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు రష్యన్ కథలను, నవలలను, సైన్సు పుస్తకాలను తెలుగు చేయించి చాలా చవకగా మనకు పంపేవి. విజయవాడలోని విశాలాంధ్ర ప్రచురణాలయం వాటిని మన పాఠకులకు అందించేది. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఆ పుస్తకాల రాక నిలిచిపోయింది. మిగిలినవి ఇలా పాత పుస్తకాల గుట్టల్లోనూ, గ్రంథాలయాల బీరువాల్లోనూ ఉన్నాయి.

ఆ పుస్తకాల మీద తరచుగా కనిపించే పేరు మక్సీం గోర్కీ. రాజమండ్రికి చెందిన క్రొవ్విడి లింగరాజు గారు తెలుగు చేసిన 'అమ్మ' నవల ద్వారా ఆయన మన పెద్దలకు బాగా తెలుసు. అయితే గోర్కీ రచయిత మాత్రమే కాదు. ఐదో తరగతి చదివే వయసులోనే బడికి దూరమై, పెద్దయ్యాక పండితులను కూర్చోబెట్టి సామాన్యుల కోసం పుస్తకాలు వేయించిన ప్రచురణకర్త కూడా. ఆ కథ మన హాస్టల్ విద్యార్థులకు తెలియాలనే ఈ వ్యాసం.

గోర్కీ అసలు పేరు అలెక్సేయ్ మక్సీమొవిచ్ పేష్కోవ్. 1868 మార్చి 28న రష్యాలోని నీజ్నీ నొవ్‌గొరోద్ పట్టణంలో పుట్టాడు. మన విజయవాడ కృష్ణ ఒడ్డున ఉన్నట్టే ఆ ఊరు వోల్గా నది ఒడ్డున ఉంది. తండ్రి వడ్రంగి పని చేసేవాడు. పిల్లవాడికి మూడేళ్ళప్పుడు కలరా సోకింది. సేవ చేసిన తండ్రికి అది అంటుకుని ఆయన చనిపోయాడు, పిల్లవాడు బతికాడు. తల్లి అతన్ని తీసుకుని పుట్టింటికి చేరింది.

తాతగారిది అద్దకం పని. మన పెడన కలంకారీ వారిలాగా కాగుల్లో రంగులు మరిగించి బట్టలకు వేసేవారు. ఆ తాత యవ్వనంలో వోల్గా ఒడ్డున తాడు భుజానికి వేసుకుని పడవలు లాగిన కూలీ. ఒకప్పుడు మన డెల్టా కాలువల గట్ల మీద కూడా పడవలను ఇలాగే తాళ్ళతో లాగేవారు. కష్టపడి పైకి వచ్చిన ఆ తాతకు కోపం ఎక్కువ. చిన్న తప్పుకే మనవణ్ణి బెత్తంతో చితకబాదేవాడు. అమ్మమ్మ మాత్రం రాత్రిపూట పక్కన కూర్చుని జానపద కథలు చెప్పేది. ఆమెకు చదువు రాదు. అయినా ఆమె నోటినుంచి విన్న కథలే అతని మొదటి పుస్తకాలు.

అక్షరాలు నేర్పింది తాతే. ప్రార్థనా మందిరాల్లో చదివే కీర్తనల పుస్తకంతో మొదలుపెట్టాడు. అది పాత స్లావిక్ భాషలో ఉంటుంది. మన తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబం అయినట్టే రష్యన్, ఉక్రేనియన్, పోలిష్, చెక్, సెర్బియన్, బల్గేరియన్ భాషలన్నీ స్లావిక్ కుటుంబం. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, పుస్తకంలో కనిపించే భాష మరొకటి. అర్థం కాకపోయినా అక్షరాలు గుర్తుపట్టి చదవడం నేర్చుకున్నాడు.

తర్వాత పేదపిల్లల బడిలో వేశారు. ఫీజులకు, తిండికి ఇబ్బందే. బడి అయ్యాక వీధుల్లో పాత గుడ్డలు, ఎముకలు, మేకులు ఏరి అమ్మేవాడు. చెత్త ఏరుకునేవాడి దగ్గర వాసన వస్తుందని తోటి పిల్లలు ఫిర్యాదు చేశారు. అది అతని మనసును చాలా గాయపరచింది. అయినా బాగా చదివినందుకు బడివారు అతనికి పుస్తకాలు బహుమతిగా ఇచ్చారు. ఆనందంగా ఇంటికి వెళ్తే అమ్మమ్మ జబ్బుతో పడుకుని ఉంది. ఇంట్లో డబ్బు లేదు. ఆ పుస్తకాలను దుకాణంలో 55 కోపెక్కులకు అమ్మి, ఆ డబ్బు అమ్మమ్మ చేతిలో పెట్టాడు. తన జీవితంలో మొదటి బహుమతిని అతను చదువుకోలేకపోయాడు.

1879లో తల్లి క్షయతో చనిపోయింది. నిన్ను మోయలేను, పోయి బతుకు అని తాత పంపేశాడు. అప్పటికి పదకొండేళ్ళు. ఇక బడి లేదు. చెప్పుల దుకాణంలో పని, ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఇంట్లో అంట్లు తోమే పని, దేవుని పటాలు వేసేచోట పని. 'దోబ్రీ' అనే స్టీమరులో గిన్నెలు కడిగే పని. ఆ స్టీమరులోని వంటమనిషి స్మూరీ అనే ఆయన దగ్గర పెట్టె నిండా పుస్తకాలు ఉండేవి. గిన్నెలు కడగడం ఆపించి, కుర్రవాడి చేత బిగ్గరగా చదివించుకుని వినేవాడు. తన మొదటి గురువుల్లో ఒకడిగా గోర్కీ ఈ వంటమనిషిని జీవితాంతం తలచుకున్నాడు.

యజమానుల ఇళ్ళలో రాత్రిపూట చదివితే తిట్లు తప్పేవి కావు. కొవ్వొత్తి ఎంత కాలిందో పుల్లతో కొలిచి చూసేవారు. మిగిలిపోయిన కొవ్వు పోగుచేసి దీపం చేసుకుని చదివేవాడు. పుస్తకం దొరకడమే కష్టం. దొరికితే చదివే చోటు దొరకడం ఇంకా కష్టం.

1884లో పదహారేళ్ళ వయసులో యూనివర్సిటీలో చేరాలని కజాన్ నగరానికి వెళ్ళాడు. డబ్బూ లేదు, పాస్ సర్టిఫికెట్టూ లేదు. రేవులో మూటలు మోశాడు. నేలమాళిగలో ఉన్న బేకరీలో రోజుకు పద్నాలుగు గంటలకు పైగా పిండి కలిపాడు. అక్కడి కుర్రవాళ్ళు రహస్యంగా నడిపిన ఒక చిన్న లైబ్రరీలో చదువుకున్నాడు. 1887లో అమ్మమ్మ చనిపోయింది. చెప్పుకోవడానికి ఒక్క మనిషి కూడా లేడనిపించి, ఆ ఏడాది చివర ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడ్డాడు. తర్వాత దాని గురించి తానే సిగ్గుపడుతూ రాశాడు. మిత్రులారా, ఆ రోజు అతను పోయి ఉంటే 'అమ్మ' ఉండేది కాదు. మనలో ఎవరికైనా అలాంటి చీకటి రోజు వస్తే పక్కమంచం వాడికైనా, వార్డెన్ గారికైనా చెప్పుకోవాలి. అతనికి ఆ రోజు అలాంటి తోడు లేకపోయింది.

తర్వాత కాలినడకన దేశమంతా తిరిగాడు. వోల్గా తీరం, ఉక్రెయిన్, క్రిమియా, కాకసస్ దాటి తిఫ్లిస్ చేరాడు. 1892లో అక్కడి 'కవ్కాజ్' పత్రికలో మొదటి కథ అచ్చయింది. దాని కింద మక్సీం గోర్కీ అని సంతకం చేశాడు. మక్సీం తండ్రి పేరు. గోర్కీ అంటే రష్యన్ భాషలో చేదు అని అర్థం. 1898లో రెండు కథాసంపుటాలు వచ్చేసరికి దేశమంతా అతని పేరు తెలిసిపోయింది.

1902లో రష్యన్ సైన్సు అకాడమీ అతన్ని గౌరవ సభ్యుడిగా ఎన్నుకుంది. బడి పూర్తి చేయనివాడికి పండితుల సభలో చోటు దక్కింది. కానీ పోలీసు కేసులున్న మనిషి అని జార్ చక్రవర్తికి కోపం వచ్చి ఆ ఎన్నిక రద్దయింది. దానికి నిరసనగా గొప్ప రచయితలు చెహోవ్, కొరొలెంకో తమ సభ్యత్వాలు వదులుకున్నారు.

ఇక్కడి నుంచి ప్రచురణకర్త గోర్కీ కథ మొదలవుతుంది. 1900లో ఆయన పీటర్స్‌బర్గ్‌లోని 'జ్నానియే' ప్రచురణ సంస్థలో చేరి దాన్ని ముందుండి నడిపాడు. ఆ మాటకు జ్ఞానం అని అర్థం. మన సంస్కృత పదానికి, ఆ రష్యన్ పదానికి మూలం ఒకటే. ఆ సంస్థ రచయితలకు మంచి పారితోషికం ఇచ్చింది, పాఠకులకు తక్కువ ధరకు పుస్తకాలు ఇచ్చింది. 1904 నుంచి 1913 వరకు 40 సంకలనాలు తెచ్చింది.

1905 విప్లవకాలంలో జైలుకు వెళ్ళాడు. 1906లో అమెరికా వెళ్ళి అక్కడ 'అమ్మ' నవల రాశాడు. సొర్మొవొ ఫ్యాక్టరీ పట్టణంలో 1902 మేడే ఊరేగింపులో అరెస్టయిన ఒక కార్మికుడు, అతని తల్లి ఆ కథకు ఆధారం. నవలలోని తల్లి నీలొవ్నకు నలభై ఏళ్ళు దాటాక చదువు మీద కోరిక పుడుతుంది. కొడుకు పుస్తకాలు అర్థం చేసుకోవాలని రహస్యంగా అక్షరాలు దిద్దుతుంది. మన ఇళ్ళలో వేలిముద్ర వేసే తల్లులున్న మనకు ఆ ఘట్టం చదివితే కళ్ళు చెమరుస్తాయి. రష్యాలో ఆ నవలను సెన్సారు కోతలతోనే అచ్చు వేయవలసి వచ్చింది.

1917 విప్లవం తర్వాత అంతర్యుద్ధం, ఆకలి, చలి. పెట్రోగ్రాద్‌లో కట్టెల కోసం పుస్తకాలు కూడా కాల్చుకునే రోజులు అవి. ఆ సమయంలో గోర్కీ 'ప్రపంచ సాహిత్యం' అనే ప్రచురణాలయం ప్రారంభించాడు. అన్ని దేశాల గొప్ప పుస్తకాలను మంచి అనువాదాలతో, పండితులు రాసిన ముందుమాటలతో, వివరణలతో వేయాలని పథకం. కవి బ్లోక్, రచయిత చుకోవ్‌స్కీ సంపాదకులుగా పనిచేశారు. ప్రాచ్యదేశాల విభాగంలో ప్రాచ్య పండితుడు ఓల్డెన్‌బర్గ్ ఉన్నాడు. అనువాదకులకు శిక్షణ తరగతులు కూడా నడిపారు. అనుకున్నదంతా జరగలేదు. 1924 నాటికి సంస్థ ఆగిపోయింది. అయితే ఆ పని వల్ల ఎందరో విద్వాంసులకు రేషను దొరికింది, ప్రాణం నిలిచింది. 1920లో విద్వాంసుల కోసం సహాయ సంఘం, వారికొక భవనం ఏర్పాటు కావడం వెనుక కూడా గోర్కీ కృషి ఉంది.

1931లో 'కవి గ్రంథాలయం' అనే మాలికకు పునాది వేశాడు. పాత రష్యన్ కవులను, జానపద గేయాలను రాతప్రతులతో పోల్చి, పాఠం సరిచూసి, కష్టమైన చోట్ల వివరణలిచ్చి ముద్రించారు. కవిగా ఎదగాలనుకునే కుర్రవాడు వాటిని చదవాలని ఆయన కోరిక. 1933లో మహనీయుల జీవితచరిత్రల మాలికను మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన పోయిన తర్వాత కూడా ఈ మాలికలు కొనసాగాయి.

గొప్పవారిని గురించి రాసేటప్పుడు మంచి మాత్రమే రాస్తే అది పొగడ్త అవుతుంది గాని జీవితం కాదు. 1921లో దేశం వదిలి చాలాకాలం ఇటలీలో ఉన్న గోర్కీ, తిరిగి వచ్చాక స్టాలిన్ ప్రభుత్వానికి దగ్గరయ్యాడు. ఖైదీల చేత తవ్వించిన తెల్లసముద్రం కాలువను మెచ్చుకుంటూ 1934లో వచ్చిన పుస్తకానికి ఆయన సంపాదకుల్లో ఒకడు. ఆ కాలువ పనిలో వేలమంది ఖైదీలు చనిపోయారు. ఒకప్పుడు బలహీనుల కోసం ఎవరినైనా ఎదిరించిన మనిషి అక్కడ ఆ పని చేయలేదు. ఈ మచ్చను కూడా మనం తెలుసుకోవాలి. 1936 జూన్ 18న ఆయన కన్నుమూశాడు. ఆయన పుట్టిన ఊరికి 1932 నుంచి 1990 వరకు గోర్కీ అనే పేరు ఉంది, తర్వాత పాత పేరు తిరిగి వచ్చింది.

మిత్రులారా! పండితుల పుస్తకం పండితులకే అని ఆయన అనుకోలేదు. స్టీమరులో గిన్నెలు కడిగే కుర్రవాడికి కూడా తప్పుల్లేని పాఠం, సరైన వివరణ, కొనగలిగిన ధర కావాలని అనుకున్నాడు. ఎందుకంటే ఆ కుర్రవాడు తానే.

నిరుడు మన గదిలోని ఒక మిత్రుడు ఇంటి ఇబ్బందుల వల్ల చదువు మధ్యలో ఆపి పనికి వెళ్ళిపోయాడు. తన పుస్తకాలు మనకే ఇచ్చి వెళ్ళాడు. ఆ 55 కోపెక్కుల సంగతి చదివినప్పుడల్లా అతనే గుర్తుకు వస్తాడు. అతను సెలవు రోజు ఎప్పుడైనా మనల్ని చూడటానికి వస్తే, మన బీరువాలోంచి ఒక మంచి పుస్తకం తీసి అతని చేతిలో పెడదాం. బడి ఆగినా చదువు ఆగనక్కరలేదని చెబుదాం. అలాగే ప్రతి ఆదివారం సాయంత్రం ఒకరు బిగ్గరగా చదవడం, మిగతావారు వినడం మొదలుపెడదాం. స్మూరీ వంటగదిలో జరిగింది అదే కదా!