నాణెం చెప్పిన చరిత్ర

నాణెం విలువ లోహంలో ఉన్నదని వర్తకుడు తలుస్తాడు. దానిపై చెక్కిన అక్షరంలో ఉన్నదని చరిత్రకారుడు గ్రహిస్తాడు. ఈ రెండు దృష్టులూ కలిగిన పండితుడు జేమ్స్ ప్రిన్సెప్.

ఆయన 1799 ఆగస్టు 20న ఇంగ్లండులో జన్మించాడు. వాస్తువిద్య అభ్యసించదలచినా కంటిజబ్బు అడ్డుపడటంతో లోహపరీక్ష నేర్చుకొని, 1819లో కలకత్తా టంకశాలలో చేరాడు. మరుసటి ఏడు కాశీ టంకశాలకు వెళ్ళి, అక్కడ దాదాపు పదేళ్ళు పనిచేశాడు. తిరిగి కలకత్తా చేరిన అనంతరం, 1832లో టంకశాల ప్రధాన పరీక్షాధికారిగానూ, ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శిగానూ బాధ్యతలు స్వీకరించాడు.

వెండి స్వచ్ఛతను నిర్ణయించడం ఆయన వృత్తి. ప్రాచీన నాణేలను సేకరించి పరిశీలించడం ప్రవృత్తి. ఇండో-గ్రీకు రాజుల వెండి నాణేలపై ఒకవైపు గ్రీకు లిపి, మరొకవైపు ఖరోష్ఠీ లిపి ఉండేవి. తెలిసిన పేర్ల ఆధారంగా తెలియని అక్షరాలను ఆయన గుర్తించసాగాడు. సౌరాష్ట్ర క్షత్రపుల వెండి నాణేలు కూడా ఆయనకు తోడ్పడ్డాయి. 1837లో సాంచీ శిలలపై పలుమార్లు కనిపించిన చివరి రెండక్షరాలు దానమనే మాటను తెలుపుతున్నాయని ఊహించాడు. ఆ ఊహతో బ్రాహ్మీ లిపి రహస్యం విడిపోయి, అశోకుని శాసనాలు మాట్లాడసాగాయి.

తూనికలలోనూ నాణేలలోనూ ఏకరూపత కోసం ఆయన కృషి చేశాడు. 1835 చట్టం 180 గ్రెయిన్ల బరువు, పన్నెండింట పదకొండు వంతుల వెండి గల రూపాయిని నిర్ణయించింది. ఆ సంవత్సరాంకం గల రూపాయలను తరువాతి కాలంలో టంకశాలలు సేకర్తల కొరకు మళ్ళీ ముద్రించాయి. వాటిపై సంవత్సరం పాతదే. పుట్టుక మాత్రం కొత్తది. టంకశాలలోనే తయారైనందున అవి దొంగనాణేలు కావు. అయితే వాటిని తొలిముద్రణలుగా అమ్మడం మోసమే. అందుచేత సేకర్త బరువును, అంచును, ముద్ర తీరును నిశితంగా పరీక్షించాలి. కాలం తప్పిన నాణెం సాక్ష్యంగా నిలిస్తే చరిత్రయే దారి తప్పుతుంది.

విరామమెరుగని శ్రమ ప్రిన్సెప్ ఆరోగ్యాన్ని హరించింది. 1838లో స్వదేశానికి పయనమై, 1840 ఏప్రిల్ 22న లండనులో నలభయ్యేళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆయన నాణేలు 1847లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. కలకత్తాలో హుగ్లీ తీరాన ప్రిన్సెప్ ఘాట్ నేటికీ ఆయన పేరు నిలుపుతున్నది. చూపు మందగించినందున ఒక విద్యను వదులుకొన్న ఆ యువకుడే, శతాబ్దాలుగా ఎవరూ చదవలేని అక్షరాలను లోకానికి చదివి వినిపించాడు.