మశూచిని ఓడించిన పల్లెటూరి డాక్టరు

మన ఇళ్ళల్లో పేరు పలకడానికే భయపడి అమ్మవారు అని పిలుచుకున్న మశూచికి టీకా నిరూపించి చూపిన ఎడ్వర్డ్ జెన్నర్ 1749 మే 17న ఇంగ్లండులోని బర్క్‌లీలో ఒక చర్చి గురువు గారింట పుట్టారు. ఐదేళ్ళకే తల్లీ తండ్రీ పోయారు. ఎనిమిదో ఏట, ఆనాటి పద్ధతి ప్రకారం, పస్తులుంచి, రక్తం తీసి, అసలు మశూచి రసినే ఆయనకు కొద్దిగా ఎక్కించారు. అదృష్టం కొద్దీ బతికారు.

1770లో లండన్‌లో జాన్ హంటర్ గారి శిష్యులయ్యారు. చదువు పూర్తి కాగానే సొంత ఊరికే తిరిగొచ్చి వైద్యం పెట్టారు. 1789లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది టీకా వల్ల కాదు, కోకిల జాతి పిల్లల మీద రాసిన వ్యాసం వల్ల!

పాలు పితికేవారికి చేతుల మీద గోమశూచి పొక్కులు వస్తే ఇక మశూచి రాదని ఆ పల్లెల్లో అనుకునేవారు. బెంజమిన్ జెస్టీ అనే రైతు 1774లోనే తన భార్యాపిల్లలకు ఆ రసి ఎక్కించాడు. జెన్నర్ గారి గొప్పతనం దాన్ని పరీక్షించి రుజువు చేయడంలో ఉంది. 1796 మే 14న సారా నెల్మ్స్ చేతి పొక్కులోని రసిని తోటమాలి కొడుకు, ఎనిమిదేళ్ళ జేమ్స్ ఫిప్స్‌కు ఎక్కించారు. జులై 1న అసలు మశూచి రసి పెట్టి చూశారు. జబ్బు రాలేదు. వచ్చి ఉంటే? ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఈనాడైతే ఏ కమిటీ అనుమతి ఇవ్వదు.

తాను ఎక్కించింది ఏమిటో జెన్నర్ గారికి తెలియదు. ఆరోగ్యశాఖలో చేరిన కొత్తలో, రెండు మొనల సూదితో పదిహేను పోట్లు పొడుస్తూ ఇల్లిల్లూ తిరిగిన నాకూ అంతగా తెలియదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈ రెండు వైరస్‌లూ ఒకే కుటుంబానివి. ఇటుక ఆకారంలో ఉంటాయి. తమ పొరను కణం పొరతో కలిపేసి లోపలి సరుకును కణంలోకి దించుతాయి. డి.ఎన్.ఎ. ఉన్న వైరస్‌లు చాలావరకు కణ కేంద్రకంలో దూరి అక్కడి యంత్రాంగాన్ని వాడుకుంటాయి. ఇవి మాత్రం పెట్టే బేడా, వంటసామాను సర్దుకుని బదిలీ మీద వచ్చిన మన ఉద్యోగిలాగా, జన్యువుల్ని చదివే ఎంజైములను వెంటే తెచ్చుకుంటాయి. కేంద్రకం బయటే మకాం పెట్టి, ముందు కొన్ని జన్యువులను పనిలోకి దించి డి.ఎన్.ఎ. ప్రతులు తీసుకుంటాయి. ఆ తర్వాతే కొత్త వైరస్‌ల నిర్మాణానికి కావలసిన జన్యువులకు వంతు వస్తుంది. రెండింటి ప్రొటీన్లూ బాగా పోలి ఉంటాయి గనుక, ఒకదానితో పోరాడిన శరీరం రెండోదాన్నీ గుర్తుపడుతుంది.

రాయల్ సొసైటీ అచ్చు వేయకపోతే, 1798లో ఆయన తానే పుస్తకం వేయించారు. 1802 జూన్ 14న టీకా బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాప చేతికి చేరింది. పార్లమెంటు 1802లో 10,000, 1807లో 20,000 పౌన్లు ఇచ్చింది. ఆయన మాత్రం తోటలోని చిన్న పాకలో పేదలకు ఉచితంగా టీకాలు వేసేవారు. ఫిప్స్‌కు ఉండడానికి ఇల్లు ఇచ్చారు. ఇంత చేసినా సొంత ఇంట్లో క్షయను ఆపలేకపోయారు. 1810లో పెద్ద కొడుకు, 1815లో భార్య ఆ జబ్బుతోనే పోయారు.

1823 జనవరి 26న ఆయన కన్నుమూశారు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మేలో నమోదైంది. 1980 మే 8న ప్రపంచమంతటా మశూచి పోయిందని ప్రకటించారు.